టాపిక్ ఉంది... ప్రశ్న ఏది?

ఎంబీఏ కావచ్చు, పబ్లిక్ పాలసీ కావచ్చు, ఎథిక్స్ పేపరు కావచ్చు. చివరి సెమిస్టర్లో పరిశోధన రిపోర్టు తప్పదు. పేజీలు నింపడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా మొదటి పేజీకి ముందే ఉంది.

‘ఫలానా కంపెనీలో ఉద్యోగుల సంతృప్తి: ఒక అధ్యయనం’. తెలుగు రాష్ట్రాల్లో ఏ ఎంబీఏ కాలేజీ లైబ్రరీకి వెళ్లినా ఈ పేరుతోనో, దీనికి చెల్లెలి వరసయ్యే పేరుతోనో నల్ల అట్ట మీద బంగారు అక్షరాల రిపోర్టులు బీరువా నిండా ఉంటాయి. కంపెనీ పేరు మారుతుంది, హాల్‌టికెట్ నంబరు మారుతుంది, అధ్యాయాలు మాత్రం మారవు. ముందు పరిశ్రమ చరిత్ర, తర్వాత వెబ్‌సైట్ నుంచి దించేసిన కంపెనీ ప్రొఫైల్, ఆపైన వంద మందిని అడిగి గీసిన రంగురంగుల పై చార్టులు. ఆఖర్న సూచనలు: యాజమాన్యం ఉద్యోగులతో తరచూ సమావేశాలు జరపాలి, శిక్షణ పెంచాలి. ఆ వంద ప్రశ్నావళుల్లో ఎన్ని హాస్టల్ గదిలో రెండు మూడు రంగుల పెన్నులతో నిండాయో రాసినవాళ్లకు తెలుసు. గైడుకూ తెలుసు. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్‌కూ తెలుసు. ముగ్గురూ సంతకాలు పెట్టి భోజనానికి వెళ్తారు.

దీన్ని విద్యార్థుల బద్ధకం అనుకుంటే సరిపోదు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా మన పిల్లలకు ప్రశ్న ఎప్పుడూ బయటి నుంచే వచ్చింది. ప్రశ్న పేపర్ సెట్టర్ది, ‘ఇంపార్టెంట్లు’ గైడు పుస్తకానివి, జవాబు ఒక్కటే మనది. ఇరవై రెండేళ్లు వచ్చాక, మొట్టమొదటిసారి, నీ ప్రశ్న నువ్వే వేసుకో అంటారు. ఎలా వేసుకోవాలో ఆ రోజు దాకా ఎవరూ చెప్పి ఉండరు. అందుకే గైడు గది ముందు మొదటి మాట ఎప్పుడూ ఒకటే: ‘సార్, ఏదైనా టాపిక్ ఇవ్వండి.’ పదుల మందికి గైడ్ చేయాల్సిన ఆ సారు కూడా ఏదో ఒకటి ఇచ్చి పంపేస్తారు. టాపిక్ ఇవ్వడం తేలికే. టాపిక్‌ను ప్రశ్నగా మార్చడమే అసలు పని. ఆ పని జరగని చోటే రెడీమేడ్ ప్రాజెక్టుల వ్యాపారం నడుస్తోంది.

కాపీని పట్టుకునే ఏర్పాట్లు లేకపోలేదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 లోపైతే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ పట్టుకునేది వాక్యాల పోలికను. ఆలోచన లేకపోవడాన్ని పట్టుకునే యంత్రం ఇంకా రాలేదు. సున్నా శాతం పోలికతో, సున్నా విషయంతో రిపోర్టు రాయడం ఇవాళ చాట్‌బాట్‌కు నిమిషాల పని. పైగా అది లేని పుస్తకాలను, లేని తీర్పులను కూడా ధీమాగా ఉటంకిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అలాంటి లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. మన వైవాల్లో ఎక్స్‌టర్నల్స్ రిఫరెన్సులు తెరిచి చూడటం మొదలుపెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సరే, ప్రశ్న ఎలా పుడుతుంది? సూత్రాలు చెప్పడం కంటే ఒక కథ చూడటం నయం. మేనేజ్‌మెంట్, నైతికత, ప్రభుత్వ విధానం మూడూ ఒకేచోట ముడిపడిన కథ మన గడ్డ మీదే జరిగింది.

రెండు నెలల తేడా

1990ల చివర్లో మెదక్ జిల్లా మెట్ట పల్లెల్లో ‘స్వయం కృషి సంఘం’ అనే స్వచ్ఛంద సంస్థ పేద ఆడవాళ్లకు చిన్న అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఐదుగురు కలిసి గ్రూపు కట్టాలి, వారం వారం కిస్తీ కట్టాలి, ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్లు భరించాలి. తాకట్టు లేదు, పొరుగింటి మాటే పూచీ. ఆ సంస్థే తర్వాత ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ కంపెనీ అయింది. 2010లో షేరు ₹985 చొప్పున ఐపీఓకు వెళ్లి, ఆగస్టు 16న స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. ఇష్యూ విలువ 1,600 కోట్లకు పైమాటే.

రెండు నెలలు గడిచాయి. అక్టోబర్ 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మైక్రోఫైనాన్స్ సంస్థలన్నీ జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి. ఇంటి గడప దగ్గర వసూళ్లు కుదరవు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురు తిరిగే చోటే తీసుకోవాలి. వారం కిస్తీ పోయి నెల కిస్తీ రావాలి. వడ్డీ మొత్తం అసలును మించకూడదు. వేధింపుల వల్ల ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు ఆ ఆర్డినెన్స్‌కు నేపథ్యం. అప్పటిదాకా నూటికి నూరు శాతం దరిదాపుల్లో ఉన్న వసూళ్లు కొద్ది నెలల్లోనే కుప్పకూలాయి. ఆర్‌బీఐ వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది చివరికి ఈ సంస్థలకు దేశవ్యాప్తంగా ప్రత్యేక వర్గీకరణ, నిబంధనలు వచ్చాయి.

ఇదే కథ ముగ్గురు విద్యార్థుల చేతికిస్తే? ముగ్గురూ ‘మైక్రోఫైనాన్స్ సంక్షోభం: ఒక అధ్యయనం’ అని రాసుకొచ్చారంటే ముగ్గురికీ ప్రశ్న దొరకలేదని అర్థం.

కంపెనీ తన భయాలను తనే రాసుకున్న చోట

మేనేజ్‌మెంట్ విద్యార్థి అడగాల్సింది కంపెనీ మంచిదా, చెడ్డదా అని కాదు. లోపల ఏ మీట నొక్కితే ఏది కదిలిందన్నది. ఫీల్డ్ ఆఫీసర్ ఇన్సెంటివ్ కొత్త సభ్యుల సంఖ్యకు ముడిపడి ఉంటే, ఆ సభ్యురాలికి ఇప్పటికే ఎన్ని అప్పులున్నాయో అడిగే అవసరం ఎవరికి ఉంటుంది? ఒకే పల్లెకు నాలుగు కంపెనీలు పోటీపడి వస్తే గ్రూపు కట్టే పద్ధతిలో ఉన్న క్రమశిక్షణ నిలుస్తుందా? ఇలాంటి ప్రశ్నకు సమాధానం వెతకొచ్చు, దొరక్కపోవచ్చు కూడా. తప్పని తేలే అవకాశమున్న ప్రశ్నే పరిశోధనకు పనికొస్తుంది.

ఆధారాలు ఎక్కడ? ‘కంపెనీ వాళ్లు డేటా ఇవ్వరండీ’ అన్న ఫిర్యాదు ప్రతి క్లాసులో వినిపిస్తుంది. ఐపీఓకు వెళ్లే ఏ కంపెనీ అయినా సెబీకి ముసాయిదా ప్రాస్పెక్టస్ ఇవ్వాలి. అది వందల పేజీల పబ్లిక్ పత్రం. అందులో ‘రిస్క్ ఫ్యాక్టర్లు’ అన్న అధ్యాయం ఉంటుంది, తన వ్యాపారానికి ఏమేం ముప్పు రావచ్చో కంపెనీ లాయర్లు తామే రాసిపెట్టే చోటు అది. ప్రమోటర్ల వాటాలు ఎలా మారాయి, ఏ రాష్ట్రం మీద ఎంత ఆధారపడ్డారు వంటివీ అందులోనే వెతకాలి. ప్రొఫెసర్ ఎం.ఎస్. శ్రీరామ్ 2010లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థలు వాణిజ్య బాట పట్టిన తీరును విప్పి చూపించారు. ఎంబీఏ ఫైనాన్స్ విద్యార్థికి అంతకంటే మంచి నమూనా అక్కర్లేదు.

ఇంకో సంగతి. 2010కి నాలుగేళ్ల ముందే, 2006లో, కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి వేధింపుల ఆరోపణలతోనే దాదాపు 50 మైక్రోఫైనాన్స్ బ్రాంచీలను మూయించారు. అంటే హెచ్చరిక గంట ముందే మోగింది. ఆ నాలుగేళ్లలో కంపెనీలు శిక్షణలో, ఇన్సెంటివ్‌లలో, ఫిర్యాదుల పరిష్కారంలో ఏం మార్చుకున్నాయి? వార్షిక నివేదికలు వరసగా పెట్టుకుని చదివితే ఒక సెమిస్టర్‌కు సరిపడా పని ఇదొక్కటే. ఉద్యోగుల సంతృప్తి జోలికి వెళ్లక్కర్లేదు.

తీర్పు ముందే రాసేస్తే

ఎథిక్స్ అసైన్‌మెంట్ల జబ్బు వేరు. మొదటి పేరాలోనే పేదల రక్తం తాగారన్న తీర్పు వచ్చేస్తుంది, మిగిలిన పది పేజీలూ దానికి అలంకారం. మధ్యలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం, ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984 నాటి స్టేక్‌హోల్డర్ సిద్ధాంతం చెరో పేరా ప్రత్యక్షమై, కథతో సంబంధం లేకుండా మాయమవుతాయి.

అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. కిస్తీ కట్టలేని మనిషి ఇంటి ముందు కూర్చున్నది చాలాసార్లు కంపెనీ ఉద్యోగి కాదు, అదే గ్రూపులోని పక్కింటావిడ. ఈమె కట్టకపోతే తనకు రేపు అప్పు పుట్టదన్న భయం ఆవిడది. ఆ ఒత్తిడి బలవంతమా, ముందే ఒప్పుకున్న షరతా? బాధ్యత పక్కింటావిడదా, టార్గెట్ పెట్టిన మేనేజర్దా, షేరు కొన్న మదుపరిదా, పూచీకత్తును మనిషి పరువు మీద పెట్టిన రూపకర్తదా? ఫ్రీడ్‌మన్, ఫ్రీమన్ పనికొచ్చేది ఇక్కడ. ఇద్దరి వాదాలనూ ఈ గడప దగ్గరికి తెచ్చి నిలబెట్టి, ఏది ఎక్కడ తడబడుతుందో చూపించాలి.

ఇంకాస్త ఇబ్బందికరమైన ప్రశ్న కూడా ఉంది. అప్పటి ఆత్మహత్యల జాబితాను తయారుచేసింది ప్రభుత్వానికి చెందిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్. డ్వాక్రా సంఘాలను నడిపించేదీ ఆ సంస్థే. పావలా వడ్డీ అప్పుల సంఘాలు, ప్రైవేటు మైక్రోఫైనాన్స్ ఒకే పల్లెలో ఒకే ఆడవాళ్ల కోసం పోటీ పడుతున్న రోజులవి. కంపెనీలు ఆ జాబితాను ఖండించాయి, వాళ్లకు వాళ్ల స్వార్థం ఉంది. అయితే జాబితా చేసినవాళ్లకు ఆసక్తులు లేవా? ఈ ప్రశ్న వేయడమంటే చనిపోయినవాళ్ల పట్ల దయ లేకపోవడం కాదు. సాక్ష్యం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చూడని నైతిక చర్చ ఉపన్యాసం దగ్గరే ఆగిపోతుంది. ఎదుటి పక్షం వాదాన్ని వాళ్లే మెచ్చుకునేంత బలంగా రాసి, ఆ తర్వాత ఒప్పుకోకపోతే ఆ పేపరుకు విలువ.

రెండు పరిశోధనలు మాట్లాడుకుంటే

పబ్లిక్ పాలసీ విద్యార్థికి ఈ కథ పెద్ద నిధి. ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన మైక్రోఫైనాన్స్ పరిశోధనల్లో రెండు మన ఉమ్మడి రాష్ట్రంతోనే ముడిపడి ఉన్నాయి.

మొదటిది హైదరాబాద్‌ది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెన్నెర్‌స్టర్, సింథియా కిన్నన్ నగరంలోని 104 బస్తీలను తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో అందులో సగం, అంటే 52 బస్తీల్లో స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ ముందుగా అప్పులివ్వడం మొదలుపెట్టింది. కొంతకాలం తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. ఫలితాలు ఇటు పొగిడేవాళ్లకూ, అటు తిట్టేవాళ్లకూ నచ్చలేదు. స్పందన వెళ్లిన చోట కూడా అర్హులైన కుటుంబాల్లో మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకున్నవి పావు వంతుకు కాస్త ఎక్కువే. ఉన్న చిరు వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. టీ, పాన్, పొగాకు లాంటి ఖర్చులు తగ్గి, మన్నికైన వస్తువుల కొనుగోళ్లు పెరిగాయి. మొత్తం కుటుంబ ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. పిల్లల చదువులు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు వీటిలోనూ మార్పు కనిపించలేదు. 2015లో అచ్చయిన ఆ పత్రం శీర్షికలోనే ఒక ప్రశ్నార్థకం ఉంది.

రెండోది 2021లో వచ్చింది. ఎమిలీ బ్రేజా, సింథియా కిన్నన్ 2010 ఆర్డినెన్స్‌నే ప్రయోగశాలగా వాడుకున్నారు. అందులోని తెలివి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలను చూస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పడం కష్టం. ఆర్డినెన్స్ రావడానికి కారణమైన గొడవలూ అక్కడే ఉన్నాయి మరి. అందుకని వాళ్లు ఇతర రాష్ట్రాల వైపు చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్లు ఆగిపోయేసరికి ఇక్కడ ఎక్కువగా అప్పులిచ్చిన కంపెనీల దగ్గర డబ్బు కరువైంది. అవే కంపెనీలు పనిచేసే ఇతర రాష్ట్రాల జిల్లాల్లోనూ అప్పులు తగ్గిపోయాయి. ఆ జిల్లాల జనానికి మన ఆర్డినెన్స్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా అక్కడ కూలి రేట్లు పడిపోయాయని తేలింది. అప్పు ఎన్నడూ తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలిందన్నమాట.

మన రిపోర్టుల్లో ‘సాహిత్య సమీక్ష’ అధ్యాయం ఎలా ఉంటుంది? ఫలానా రావు (2011) ఇలా అన్నారు, ఫలానా రెడ్డి (2014) అలా అన్నారు, అంతే. వరసలో నిలబడిన వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పై రెండు పత్రాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. అప్పు వస్తే పెద్దగా ఒరిగిందేమీ లేదని ఒకటి చెబుతోంది. అప్పు ఆగితే గట్టి నష్టమే జరిగిందని రెండోది చెబుతోంది. ఈ రెండూ కొట్టుకుంటున్నాయా?

నా ఉద్దేశంలో కొట్టుకోవు. మొదటిది నగర బస్తీల కథ. అక్కడ అప్పటికే వేరే అప్పులు దొరుకుతున్నాయి, ఇంకో సంస్థ వచ్చి చేరింది, అంతే. రెండోది ఉన్న అప్పు ఉన్నపళాన, పెద్ద ఎత్తున ఆగిపోయిన కథ. మొదటిది కుటుంబాన్ని చూసింది, రెండోది మొత్తం కూలి మార్కెట్‌ను చూసింది. ఈ తేడాలు రాసుకుంటూ పోతే ఎవరూ చూడని ఖాళీ ఒకటి కనిపిస్తుంది. ఉదాహరణకు, ఆ కంపెనీలు వెళ్లిపోయిన తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో ఆ చోటును ఎవరు నింపారు? డ్వాక్రా సంఘమా, బంగారం తాకట్టు దుకాణమా, వడ్డీ వ్యాపారా? మీ ప్రశ్న అక్కడుంది. సాహిత్య సమీక్ష చేసేది దాన్ని కనిపెట్టడానికే.

నూట నాలుగు బస్తీలు మనవల్ల అవుతాయా అంటే అక్కర్లేదు. మూడు నెలల ప్రాజెక్టుకు ఒక మండలమే ఎక్కువ, ఒక ఊరు చాలు. ఊరి స్థాయి రికార్డులకూ కొరత లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం జాబ్ కార్డులు, మస్టర్ రోళ్లు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. కాగ్ నివేదికలు, రెండు రాష్ట్రాలూ ఏటా వేసే సామాజిక ఆర్థిక సర్వేలు, శోధ్‌గంగలో వేల థీసిస్‌లు, అన్నీ ఉచితం. బయట దొరకనిదానికి సమాచార హక్కు దరఖాస్తు ఉంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. సబ్మిషన్‌కు పది రోజుల ముందు ఈ చట్టం గుర్తొచ్చి లాభం లేదు. టాపిక్ ఖాయమైన వారమే దరఖాస్తు పడాలి.

వార్డెన్ సంతకం

ఊళ్లోకి వెళ్లేముందు ఒక మాట. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు పిల్లల మరణాల తర్వాత 2010లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది వేరే. తల్లిదండ్రులు ఇవ్వాల్సిన అంగీకారాన్ని ఎన్నో ఫారాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేసి ఇచ్చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మా ప్రశ్నావళికీ టీకాకూ పోలికేంటని విద్యార్థులు అడగొచ్చు. గ్రూపు లీడర్ను పట్టుకుని, ఆమె ఇంటి అరుగు మీద, ఆమె ఎదుటే మిగతా నలుగురినీ ‘మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?’ అని అడిగితే వచ్చేది ఎలాంటి జవాబు? ఆ నలుగురి తరఫున లీడర్ ఒప్పుకుంటే వార్డెన్ సంతకానికీ దానికీ తేడా ఏముంది? విడివిడిగా అడగాలి, వద్దంటే లేచి వచ్చేయాలి. రాసేటప్పుడు పేరు తీసేస్తే చాలదు. ‘గుడి వీధిలో కిరాణా కొట్టు నడిపే వితంతువు’ అని రాస్తే ఊరంతటికీ ఎవరో తెలిసిపోతుంది.

ఇంకో చిన్న పని. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో రాసుకెళ్లి, అక్కడికక్కడ నోటికొచ్చిన తెలుగులో అడిగితే పదిమందికి పది ప్రశ్నలు వేసినట్టే. ముందే ఆ ఊరి మాటల్లో రాసుకుని ఐదుగురి మీద ప్రయత్నించి చూస్తే ఏ ప్రశ్న ఎవరికీ అర్థం కావడం లేదో బయటపడుతుంది.

కృష్ణ వంతెనకు అటూ ఇటూ

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు కొత్త సంగతులున్నాయి. 2022లో ఆర్‌బీఐ వడ్డీ పరిమితిని ఎత్తేసి, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఇచ్చే తాకట్టు లేని అప్పులన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చింది. నెల కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, ఆర్‌బీఐ దగ్గర నమోదైన ఇలాంటి సంస్థలకు 2010 ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పునిచ్చింది. 2024 అక్టోబర్‌లో వడ్డీలు మితిమీరాయంటూ నాలుగు సంస్థలను కొత్త అప్పులివ్వకుండా ఆర్‌బీఐ ఆపింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆర్డినెన్స్ తెచ్చింది. పదేళ్ల జైలు, 5 లక్షల జరిమానా ఎక్కువన్న అభ్యంతరంతో గవర్నర్ మొదట తిప్పి పంపారు, కొద్ది రోజులకే ఆమోదించారు.

మక్తల్ నుంచి రాయచూరు వెళ్లే దారిలో కృష్ణ వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది, చట్టం మారుతుంది. పంటలు పెద్దగా మారవు, తెలుగు మాట్లాడే ఇళ్లు అటువైపూ ఉన్నాయి. నారాయణపేట జిల్లా విద్యార్థి ఎవరైనా ఈసారి టాపిక్ కోసం గైడు గది ముందు నిలబడితే, 2010 హైదరాబాద్ ఆర్డినెన్స్‌నూ 2025 బెంగళూరు ఆర్డినెన్స్‌నూ పక్కపక్కన పెట్టుకుని ముందు చదవాలి. గడప దగ్గర వసూలు గురించి ఏది ఏమంది, ఎవరికి వర్తిస్తానంది, ఎవరిని వదిలేసింది? ఆ తర్వాత వంతెనకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు ఎంచుకుని అడగాల్సింది ఒక్కటే: 2025 ఫిబ్రవరి తర్వాత ఈ గ్రూపులో కొత్త అప్పు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకి?